ఖాళీ సంచీతో బడికెళ్లిన ఛాంపియన్ - జార్జ్ ఫోర్‌మన్



ప్రతి ఏడాదీ వార్షికోత్సవం నాడు వేదిక మీదికి వచ్చే పెద్దలందరూ ఒక మాట తప్పకుండా చెబుతారు. 'ఈ హాస్టల్లో చదివినవాళ్లు ఎంతో గొప్పవాళ్లయ్యారు, మీరూ అంతటివాళ్లు కావాలి' అంటారు. మనం చప్పట్లు కొడతాం. మర్నాడు బడికి వెళ్లాక ఎవడైనా 'హాస్టలోళ్లు వచ్చార్రా' అంటే మాత్రం తల దించుకుంటాం. పరీక్ష ఫారంలో చిరునామా రాయమంటే హాస్టల్ పేరు బదులు మేనమామ గారింటి చిరునామా రాసే తమ్ముళ్లు మనలో ఇంకా ఉన్నారు. మేమూ ఒకప్పుడు అలా రాసినవాళ్లమే. అందుకే ఈ సంచికలో మన జిల్లావాడూ మన దేశంవాడూ కాని ఒక మనిషి గురించి రాస్తున్నాం. ఆయన పేరు జార్జ్ ఫోర్‌మన్. అమెరికా దేశస్థుడు, నల్లజాతి వాడు. రెండుసార్లు ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. ఆయన గుద్దు తిన్నవాళ్లలో ఎక్కువమంది ఆఖరి రౌండు దాకా నిలబడలేకపోయారు. వృత్తి క్రీడాకారుడిగా 81 పోటీలు ఆడి 76 గెలిచాడు. ఆ 76లో 68 నాకౌట్లు!

అంతటి వీరుడు పదహారేళ్ల వయసులో మనలాగే సర్కారు వసతిలో, సర్కారు అన్నం తిని బతికాడు. చదువూ పనీ అక్కడే నేర్చుకున్నాడు, చేతికి మొదటిసారి గ్లవ్స్ అక్కడే తొడుక్కున్నాడు. ఆ సంగతిని ఆయన జీవితంలో ఎన్నడూ దాచుకోలేదు. ఆయన ఆట గురించే కాక ఈ విషయం గురించి కూడా మనం తెలుసుకోవాలి.

ఖాళీ సంచీ

జార్జ్ 1949 జనవరి 10న టెక్సాస్ రాష్ట్రంలోని మార్షల్ అనే ఊళ్లో పుట్టాడు. పెరిగింది హ్యూస్టన్ నగరంలో ఫిఫ్త్ వార్డ్ అనే పేదల వాడలో. ఇంట్లో ఏడుగురు పిల్లలు. తల్లి నాన్సీ హోటల్లో పనిచేసి వాళ్లను పోషించింది. ఒక్కోసారి ఆమె పనిచేసే చోటి నుంచి ఒకే ఒక్క హాంబర్గర్ ఇంటికి తెచ్చి, దాన్నే ముక్కలు చేసి పిల్లలందరికీ పంచేదట. పెద్దయ్యాక జార్జ్ ఈ సంగతిని చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఆయన చెప్పుకున్న ఇంకో సంగతి చదివితే మన కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుంటుంది. తోటి పిల్లలు కాగితం సంచీల్లో మధ్యాహ్నం తిండి తెచ్చుకునేవాళ్లు. జార్జ్ దగ్గర తెచ్చుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అందుకని నూనె మరకలున్న పాత సంచీ ఒకటి తీసుకుని, అందులో గాలి ఊది, లోపల తిండి ఉన్నట్టు చేతబట్టుకుని బడికి వెళ్లేవాడట. ఆకలి కంటే, ఆకలిగా ఉన్నానని నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గే ఎక్కువ బాధపెట్టేది.

ఆ సిగ్గు వల్లనే బడి మీద మనసు విరిగింది. పొద్దున్నే బడికని బయలుదేరి, తల్లి పనికి వెళ్లాక కిటికీలోంచి ఇంట్లోకి దూరి పడుకునేవాడు. ఒకరోజు చుట్టాలమ్మాయి చూడనే చూసింది. తిడుతుందేమో అనుకున్నాడు. ఆమె మాత్రం, పోయి పడుకో, ఈ ఇంట్లో ఎవరు ఏమవుతారు గనుక, అన్నట్టు మాట్లాడింది. ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది.

బడి పూర్తిగా మానేశాక జార్జ్ వీధి రౌడీ అయ్యాడు. ఒళ్లు పెద్దది, చెయ్యి బరువైనది. దారిన పోయేవాళ్లను కొట్టి డబ్బు లాక్కునేవాడు. ఒకసారి పోలీసులు వెంటబడితే ఒక ఇంటి అడుగున దూరి, పోలీసు కుక్కలు వాసన పట్టకుండా ఒంటికి బురద పూసుకుని పడుకున్నాడు. ఆ బురదలో ఉండగానే తానొక నేరస్థుణ్ని అయిపోయానన్న సంగతి మొదటిసారి అర్థమైందని ఆయనే తరవాత చెప్పాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. తరవాత ప్రపంచాన్ని గడగడలాడించిన ఆ బలం అప్పటికే ఆయన చేతిలో ఉంది. కానీ అది ఆయనను జైలు వైపు తీసుకుపోతోంది.

జాబ్ కోర్ అంటే ఏమిటి?

1964లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించాడు. ఆ ఏడాది చేసిన చట్టం కింద 'జాబ్ కోర్' అనే పథకం వచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయిన పేద పిల్లలను, పదహారేళ్లు నిండినవాళ్లను, ప్రభుత్వ ఖర్చుతో శిబిరాల్లో ఉంచుతారు. పడుకోవడానికి మంచం, తినడానికి తిండి, కట్టుకోవడానికి బట్టలు, చేతి ఖర్చులకు కొంత డబ్బు ఇస్తారు. ఉదయం చదువు, తరవాత చేతి పని నేర్పుతారు. మన హాస్టలూ ఒక ఐ.టి.ఐ.యూ కలిసి ఒకే ఆవరణలో ఉంటే ఎలా ఉంటుందో అలాంటిదన్నమాట.

ఈ పథకం గురించి అమెరికన్ ఫుట్‌బాల్ వీరుడు జిమ్ బ్రౌన్ ప్రచారం చేశాడు. ఆయన మాటలు విని జార్జ్ 1965లో తల్లితో చెప్పి పేరు రాయించుకున్నాడు. ముందుగా ఆరెగాన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ దగ్గరున్న శిబిరానికి పంపారు. అక్కడ మూడు పూటలా తిండి దొరికింది. కడుపునిండా మూడు పూటలు తినడం తనకు అదే మొదలని ఆయన అన్నాడు. సరిగా చదవడం కూడా అక్కడే వచ్చింది. తరవాత కాలిఫోర్నియాలోని ప్లెజంటన్ దగ్గర పార్క్స్ శిబిరానికి మారాడు. బడి చదువుకు సమానమైన పరీక్ష కూడా ఈ పథకంలో ఉండగానే పాసయ్యాడు.

అయితే శిబిరంలో చేరగానే మనిషి మారిపోయాడనుకుంటే పొరపాటే. జార్జ్ అక్కడా కొట్లాటలు మానలేదు. గదిలో ఎవరితోనూ పడేది కాదు. 1965 నవంబరులో ఒక రాత్రి పిల్లలందరూ రేడియో చుట్టూ చేరి కాషియస్ క్లే, ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ల బాక్సింగ్ పోటీ వింటున్నారు. క్లే అంటే మహమ్మద్ అలీయే. అప్పుడు ఒక కుర్రాడు జార్జ్‌తో, అందరితోనూ ఊరికే తగువు పెట్టుకుంటావు గదా, అంత మొనగాడివైతే బాక్సర్‌వి కారాదూ, అన్నాడు. జార్జ్ ఆ మాటను సవాలుగా తీసుకున్నాడు.

పార్క్స్ శిబిరంలో డాక్ బ్రాడస్ అనే ఉద్యోగి పిల్లలకు బాక్సింగ్ నేర్పేవాడు. తొలిసారి రింగులో దిగినప్పుడు తనకంటే చిన్నవాడైన ఒక సన్నటి కుర్రాడి చేతిలో జార్జ్ నవ్వులపాలయ్యాడు. వీధిలో పనిచేసిన గుద్దు రింగులో గాలికి పోయింది. ఎదుటివాడు అక్కడ నిలబడితే గదా తగలడానికి! సిగ్గుతో కొన్నాళ్లు మొహం చాటేశాడు. బ్రాడస్ వెతికి పట్టుకుని మళ్లీ తీసుకొచ్చాడు. శిబిరం గడువు ముగిసి హ్యూస్టన్ వెళ్లాక జార్జ్ మళ్లీ పాత తోవ పట్టబోయాడు. తల్లి భయపడింది. బ్రాడస్ అతన్ని ప్లెజంటన్‌కు పిలిపించుకుని శిబిరంలోనే పని ఇప్పించాడు. పగలు పని, సాయంత్రం సాధన.

పిల్లవాడు తప్పు చేసినప్పుడు 'పోతే పో' అనకుండా రెండోసారి పిలిచే మనిషి ఒకడుండాలి. మన హాస్టల్లో కూడా సంక్రాంతికి ఇంటికెళ్లి తిరిగి రాని పిల్లల కోసం బస్సెక్కి ఊరికి వెళ్లిన వార్డెన్ గార్లను మేము చూశాం. వాళ్ల పని విలువ ఎంతో ఈ కథ చదివితే తెలుస్తుంది.

చేతిలో చిన్న జెండా

బాక్సింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టిన రెండేళ్లకే, 1968 అక్టోబరులో జార్జ్ మెక్సికో ఒలింపిక్స్ ఫైనల్లో నిలిచాడు. ఎదుట సోవియట్ యూనియన్ బాక్సర్ యోనాస్ చెపులిస్. రెండో రౌండులోనే రెఫరీ పోటీ ఆపేశాడు. బంగారు పతకం జార్జ్‌ది. అప్పటికి వయసు పందొమ్మిదేళ్లు.

గెలిచాక జార్జ్ చేతిలో చిన్న అమెరికా జెండా పట్టుకుని రింగులో నాలుగు వైపులకూ తిరిగి తల వంచాడు. దీని మీద పెద్ద చర్చ జరిగింది. ఎందుకంటే ఆ ఒలింపిక్స్‌లోనే కొద్ది రోజుల ముందు టామీ స్మిత్, జాన్ కార్లోస్ అనే ఇద్దరు నల్లజాతి పరుగు వీరులు పతకాలు అందుకుంటూ, తమ జాతికి జరుగుతున్న అన్యాయానికి నిరసనగా నల్ల గ్లవ్స్ తొడిగిన పిడికిళ్లు పైకెత్తారు. వాళ్లను జట్టు నుంచి ఇంటికి పంపేశారు. జార్జ్ జెండా ఊపడం వాళ్లకు వ్యతిరేకంగా చేసినట్టు చాలామందికి అనిపించింది. పతకంతో సొంత వాడకు వెళ్తే, అన్నదమ్ములు అంత పోరాడుతుంటే నువ్వు జెండా ఊపుతావా అని అడిగినవాళ్లున్నారు. ఆ మాటలకు ఆయన చాలా నొచ్చుకున్నాడు.

మేము ఇందులో ఎవరిది తప్పని చెప్పడం లేదు. స్మిత్, కార్లోస్‌ల పిడికిలిలో న్యాయం ఉంది, దానికి వాళ్లు పెద్ద మూల్యం చెల్లించారు. జార్జ్‌కు మాత్రం ఆ జెండా అంటే తనకు మూడు పూటలా అన్నం పెట్టిన శిబిరం. తానెక్కడి నుంచి వచ్చాడో లోకానికి చెప్పాలనుకున్నాడు. ఒలింపిక్స్ తరవాత వైట్‌హౌస్‌కు వెళ్లి జాన్సన్‌ను కలిసి, జాబ్ కోర్ పెట్టినందుకు కృతజ్ఞతలు చెప్పాడు. ఖాళీ సంచీలో గాలి ఊదుకుని పేదరికాన్ని దాచుకున్న కుర్రాడు, ఇప్పుడు 'నేను ప్రభుత్వ శిబిరంలో తయారైనవాణ్ని' అని దేశాధ్యక్షుడి ముందే చెప్పుకున్నాడు.

ఆ గుద్దులో అంత బలం ఎక్కడిది?

1969 జూన్‌లో న్యూయార్క్‌లో జార్జ్ వృత్తి బాక్సర్‌గా మొదటి పోటీ ఆడాడు. 1973 నాటికి 37 పోటీలు ఆడి అన్నీ గెలిచాడు. అందులో 34 నాకౌట్లు. ఇంత బలం ఎలా వచ్చిందని మనకు సందేహం రావచ్చు.

గుద్దు చేతి నుంచి పుడుతుందని అనుకుంటాం. నిజానికి అది పాదం నుంచి పుడుతుంది. నేలను తన్నిపెట్టిన కాలి బలం తొడ ద్వారా నడుముకు వస్తుంది. నడుము తిరిగితే భుజం తిరుగుతుంది. చివరికి పిడికిలి వెళ్లి తగులుతుంది. గొడ్డలితో మొద్దు కొట్టేవాణ్ని చూడండి. చేతులతో మాత్రమే కొడితే గొడ్డలి పైపైన గీరుతుంది, ఒళ్లంతా వేసి కొడితే మొద్దు చీలుతుంది. ఆరడుగుల మూడంగుళాల పైన ఎత్తు, దాదాపు నూరు కిలోల బరువు ఉన్న జార్జ్ ఆ బరువునంతా పిడికిలి వెనక పెట్టగలిగేవాడు.

రెండోది ఎడమచేతి పోటు. బాక్సర్లు దీన్ని జ్యాబ్ అంటారు. చాలామందికి ఇది ఎదుటివాణ్ని దూరం పెట్టడానికి పనికొచ్చే చిన్న దెబ్బ మాత్రమే. జార్జ్ జ్యాబ్ మాత్రం తలను వెనక్కి విసిరేసేది. ఒకప్పటి ఛాంపియన్ సోనీ లిస్టన్ దగ్గర సాధన చేసిన రోజుల్లో ఆయన ఇది నేర్చుకున్నాడు. పోటీకి ముందు ఎదుటివాడి కళ్లలోకి గుచ్చిగుచ్చి చూడడం కూడా లిస్టన్ దగ్గర వచ్చిన విద్యే.

మూడోది రింగును కోయడం. ఎదుటివాడు పరిగెడుతుంటే వెంటబడకూడదు. అతను ఏ పక్కకు పోతాడో ఆ పక్కకే ఒక అడుగు అడ్డంగా వేయాలి. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని మూలకు తోసే పద్ధతి మనకు తెలుసు గదా, ఇదీ అంతే. జార్జ్ చేతులు ముందుకు చాచి ఎదుటివాణ్ని నెట్టి, తనకు కావలసిన దూరంలో నిలబెట్టి కొట్టేవాడు.

ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో 1973 జనవరి 22న జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో లోకం చూసింది. ఎదుట జో ఫ్రేజియర్. 1971లో మహమ్మద్ అలీని ఓడించినవాడు, అప్పటిదాకా ఓటమి ఎరుగని ఛాంపియన్. ఫ్రేజియర్ వంగి వంగి లోపలికి దూసుకొచ్చే రకం. జార్జ్ అతన్ని రెండు చేతులతో వెనక్కి నెట్టడం, నిలబడగానే కింది నుంచి పైకి కుడిచేత్తో కొట్టడం. రెండు రౌండ్లలో ఫ్రేజియర్ ఆరుసార్లు కింద పడ్డాడు. రెఫరీ పోటీ ఆపేశాడు. ఇరవై నాలుగేళ్లకే జార్జ్ ప్రపంచ ఛాంపియన్! తరవాత టోక్యోలో జోస్ రోమన్‌ను ఒకే రౌండులో, 1974 మార్చిలో కారకాస్‌లో కెన్ నార్టన్‌ను రెండు రౌండ్లలో పడగొట్టాడు. ఆ నార్టన్ అంతకు ముందు ఏడాదే అలీ దవడ విరగ్గొట్టినవాడు.

కిన్షాసాలో ఏం జరిగింది?

1974 అక్టోబరు 30న ఆఫ్రికాలోని జైర్ దేశం (నేటి కాంగో) రాజధాని కిన్షాసాలో జార్జ్, అలీ తలపడ్డారు. ఒక్కొక్కరికీ యాభై లక్షల డాలర్లు. ఆ రోజుల్లో అది కనీవినీ ఎరుగని మొత్తం. జార్జ్‌కు ఇరవై అయిదేళ్లు, అలీకి ముప్ఫై రెండు. అలీ ప్రాణాలతో బయటపడితే చాలునని భయపడినవాళ్లున్నారు.

జనం మాత్రం అలీ పక్షం. జార్జ్ తనతో ఒక జర్మన్ షెపర్డ్ కుక్కను తెచ్చుకున్నాడు. బెల్జియం వాళ్లు పాలించిన రోజుల్లో పోలీసులు అలాంటి కుక్కలనే జనం మీదికి ఉసిగొల్పేవారు. ఆ సంగతి ఆయనకు తెలియదు, తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు. అప్పట్లో ఆయన ఎవరితోనూ నవ్వి మాట్లాడేవాడు కాదు.

పోటీ తెల్లవారుజామున నాలుగింటికి మొదలైంది. అమెరికాలో టీవీ చూసేవాళ్ల సౌకర్యం కోసం ఆ వేళ పెట్టారు. అలీ రెండో రౌండు నుంచి తాళ్లకు ఆనుకుని, మొహం చేతులతో కప్పుకుని, కొట్టుకో అన్నట్టు నిలబడ్డాడు. జార్జ్ ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. చాలా గుద్దులు అలీ చేతుల మీదా భుజాల మీదా పడ్డాయి. ఒక్కో గుద్దుకీ జార్జ్ బలమే తరిగింది. ఆయన అంతకు ముందు ఆడిన ఎనిమిది పోటీలూ రెండు రౌండ్లలోపే ముగిశాయి. మూడో రౌండు తరవాత ఏం చేయాలో ఆలోచించే అవసరమే ఆయనకు రాలేదు. స్లిప్ టెస్టులకు మాత్రమే చదివి పబ్లిక్ పరీక్షకు కూర్చున్న విద్యార్థి పరిస్థితి అది. ఎనిమిదో రౌండు చివర్లో అలీ ఒక్కసారిగా తాళ్ల మీంచి లేచి వరసగా కొట్టాడు. జార్జ్ గిర్రున తిరిగి పడ్డాడు. పది లెక్కపెట్టేలోగా లేవలేకపోయాడు.

ఓడినవాళ్లు ముందు చేసే పనే జార్జ్ కూడా చేశాడు. తాళ్లు వదులుగా ఉన్నాయన్నాడు, తాగే నీళ్లలో ఏదో కలిపారన్నాడు. ఓటమిని ఒప్పుకోవడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. తరవాత అలీయే తనకంటే తెలివిగా ఆడాడని మనస్ఫూర్తిగా చెప్పాడు. ఇద్దరూ ప్రాణమిత్రులయ్యారు. కిన్షాసా పోటీ మీద తీసిన డాక్యుమెంటరీకి 1997లో ఆస్కార్ వచ్చినప్పుడు, పార్కిన్‌సన్స్ వ్యాధితో కాళ్లు చేతులు వణుకుతున్న అలీని వేదిక మెట్లెక్కించింది జార్జ్ చెయ్యే.

పదేళ్ల విరామం

ఓటమి తరవాత జార్జ్ మళ్లీ ఆడాడు, గెలిచాడు కూడా. 1976లో ఫ్రేజియర్‌ను మరోసారి పడగొట్టాడు. కానీ 1977 మార్చి 17న ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ చేతిలో పాయింట్ల మీద ఓడిపోయాడు. ఆ రాత్రి డ్రెస్సింగ్ రూములో ఒళ్లు కాలిపోయి, చచ్చిపోతున్నానన్న భయం కలిగిందట. అక్కడే దైవానుభవం కలిగిందని చెప్పి బాక్సింగ్ వదిలేశాడు. హ్యూస్టన్ వీధి మూలల్లో నిలబడి ప్రబోధాలు చేశాడు, తరవాత చిన్న చర్చి నడిపాడు. పదేళ్ల పాటు పోటీకి గ్లవ్స్ తొడగలేదు.

1984లో ఆయన హ్యూస్టన్‌లో వాడ పిల్లల కోసం ఒక యువజన కేంద్రం తెరిచాడు. ఒకప్పటి తనలాంటి పిల్లలు సాయంత్రం పూట వీధిలో కాకుండా అక్కడ ఆడుకోవాలని. సొంత డబ్బు పెట్టాడు. కొన్నాళ్లకు అది అడుగంటింది. విరాళాల కోసం సభల్లో మాట్లాడుతూ, తన పేరు చెప్పి జనం దగ్గర చందాలు వసూలు చేస్తుంటే ఆయనకు చిన్నతనమనిపించింది. డబ్బు సంపాదించే పని తనకు ఒకటి తెలుసు గదా అనుకున్నాడు. మళ్లీ బాక్సింగ్!

1987 మార్చి 9న శాక్రమెంటోలో స్టీవ్ జౌస్కీతో పోటీకి దిగినప్పుడు ఆయన వయసు ముప్ఫై ఎనిమిది, బరువు 121 కిలోలు. గుండు, బొజ్జ. పత్రికలు ఎగతాళి చేశాయి. ఈసారి జార్జ్ కోపం తెచ్చుకోలేదు. వాళ్లకంటే ముందు తానే తన తిండి మీద జోకులు వేసేవాడు. నవ్వుతూనే వరసగా 24 పోటీలు గెలిచాడు. 1991 ఏప్రిల్‌లో ఛాంపియన్ ఎవాండర్ హోలీఫీల్డ్‌తో పన్నెండు రౌండ్లు నిలబడి పాయింట్ల మీద ఓడినప్పుడు, నవ్వినవాళ్లే లేచి చప్పట్లు కొట్టారు. ఆ పోటీలో రౌండుకూ రౌండుకూ మధ్య ఆయన స్టూలు మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు.

నలభై అయిదేళ్ల వయసులో

1993లో టామీ మారిసన్ చేతిలో కూడా ఓడిపోయాడు. ఇక చాలునన్నారు అందరూ. అయితే 1994లో మైకేల్ మూరర్ ఛాంపియన్ అయ్యాడు. ఎడమచేతివాటం, వయసు ఇరవై ఆరు, 35 పోటీల్లో ఒక్క ఓటమి లేదు. జార్జ్‌తో పోటీకి ఒప్పుకున్నాడు. ప్రపంచ బాక్సింగ్ సంఘం (డబ్ల్యు.బి.ఎ.) మాత్రం జార్జ్ వయసు చూసి కుదరదంది. ఆయన నెవాడా కోర్టుకెళ్లాడు, గెలిచి రింగులోకి వచ్చాడు.

1994 నవంబరు 5, లాస్ వేగస్. జార్జ్ తొడుక్కున్నది ఇరవై ఏళ్ల కిందట కిన్షాసాలో ఓడిన రోజు తొడుక్కున్న ఎర్ర నిక్కరే. ఆయన మూలలో నిలబడ్డ గురువుల్లో ఒకరు ఏంజెలో డండీ. కిన్షాసాలో అలీ మూలలో నిలబడ్డది ఆ డండీయే!

తొమ్మిది రౌండ్లు మూరరే ముందున్నాడు. ముగ్గురు జడ్జీల లెక్కలోనూ జార్జ్ వెనకబడ్డాడు. మొహం వాచిపోయింది. కానీ ఇది 1974 నాటి జార్జ్ కాదు. తొందరపడలేదు. ఒక్కొక్క జ్యాబూ వేస్తూ, దాని వెనకే కుడిచెయ్యి మెల్లగా పంపుతూ, మూరర్ ఎక్కడ నిలబడతాడో కొలుచుకుంటూ వచ్చాడు. దూరంగా జరగమని మూరర్ గురువు టెడ్డీ అట్లస్ హెచ్చరిస్తూనే ఉన్నాడు. పదో రౌండులో జార్జ్ కుడిచెయ్యి చిన్నగా, తిన్నగా వెళ్లి గడ్డం మీద పడింది. పెద్దగా ఊపిన దెబ్బ కూడా కాదు. మూరర్ వెల్లకిలా పడిపోయాడు. రెఫరీ పది లెక్కపెట్టాడు. జార్జ్ తన మూలకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థించాడు.

కిరీటం పోయిన ఇరవై ఏళ్లకు, నలభై అయిదేళ్ల వయసులో అది తిరిగి వచ్చింది. హెవీవెయిట్‌లో అంత పెద్ద వయసు ఛాంపియన్ అంతకు ముందు లేడు, తరవాతా రాలేదు. యవ్వనంలో ఎంత గట్టిగా కొట్టాలో మాత్రమే తెలుసు. నలభై అయిదులో ఎప్పుడు కొట్టాలో కూడా తెలిసింది. ఓటమి నేర్పిన చదువు అది.

చివరి పోటీ 1997 నవంబరులో షానన్ బ్రిగ్స్‌తో. ఓడినట్టు ప్రకటించారు, చాలామంది ఆ తీర్పును ఒప్పుకోలేదు. మొత్తం జీవితంలో అయిదే ఓటములు, నాకౌట్ అయింది కిన్షాసాలో ఒక్కసారే. తరవాత ఆయన పేరుతో వచ్చిన గ్రిల్ పొయ్యిలు కోట్ల సంఖ్యలో అమ్ముడయ్యాయి. 1999లో ఆ పేరు వాడుకునే హక్కు కోసం కంపెనీ ఆయనకూ భాగస్వాములకూ 13 కోట్ల 75 లక్షల డాలర్లు ఇచ్చింది. తన అయిదుగురు కొడుకులకూ జార్జ్ అనే పేరే పెట్టుకున్న ఈ సరదా మనిషి, 2025 మార్చి 21న హ్యూస్టన్‌లో డెబ్బై ఆరేళ్ల వయసులో కన్నుమూశాడు.

మనం తెలుసుకోవాల్సింది

ఆయన పోయిన రెండు నెలలకు, 2025 మే నెలాఖరులో, ఖర్చు ఎక్కువ ఫలితం తక్కువ అని చెప్పి, కాంట్రాక్టర్లు నడిపే జాబ్ కోర్ కేంద్రాలను ఆపేయాలని అమెరికా కార్మిక శాఖ ఆదేశించింది. మంచాలు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలో తెలియని పిల్లలు వాటిలో ఉన్నారు. జూన్‌లో ఒక కోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. పేద పిల్లల వసతి మీద పెట్టే ఖర్చు దండగ అనే మాట మన దగ్గరా అప్పుడప్పుడూ వినబడుతుంది. లెక్కలు చూడాల్సిందే, కాదనం. కానీ 1965లో గ్రాంట్స్ పాస్ శిబిరంలో ఒక పదహారేళ్ల కుర్రాడి ముందు పెట్టిన పళ్లేన్ని ఏ లెక్కలో రాయాలి? జాబ్ కోర్‌లో చేరినవాళ్లందరూ ఛాంపియన్లు కాలేదు. అక్కర్లేదు కూడా. తాపీపనివాళ్లో, ఎలక్ట్రీషియన్లో, నర్సులో అయి ఇల్లు నిలబెట్టుకుంటే అదీ గెలుపే.

తమ్ముళ్లూ! జార్జ్ బలం పుట్టుకతో వచ్చిందే. ఆ బలానికి దారి చూపింది మాత్రం ఒక మంచం, మూడు పూటల తిండి, వెనక్కి పిలిచిన ఒక గురువు. ఆయన ఆ సంగతి చెప్పుకోవడానికి ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఈసారి పరీక్ష ఫారం నింపేటప్పుడు చిరునామా దగ్గర పెన్ను ఆగితే ఆ చిన్న జెండాను గుర్తు తెచ్చుకోండి. మన హాస్టల్ పేరు పూర్తిగా, అక్షరాలు కనబడేటట్టు రాయండి.

ఒక చూపులో జార్జ్ ఫోర్‌మన్

1949 - టెక్సాస్‌లోని మార్షల్‌లో జననం
1965 - జాబ్ కోర్‌లో చేరిక
1968 - మెక్సికో ఒలింపిక్స్‌లో బంగారు పతకం
1973 - ఫ్రేజియర్‌పై గెలుపు, మొదటిసారి ప్రపంచ ఛాంపియన్
1974 - కిన్షాసాలో అలీ చేతిలో ఓటమి
1977 - బాక్సింగ్ నుంచి విరమణ
1984 - హ్యూస్టన్‌లో యువజన కేంద్రం
1987 - మళ్లీ రింగులోకి
1994 - మూరర్‌పై గెలుపు, రెండోసారి ప్రపంచ ఛాంపియన్
1997 - చివరి పోటీ
2025 - మరణం
మొత్తం పోటీలు 81, గెలుపులు 76 (నాకౌట్లు 68), ఓటములు 5